శిక్షణలోనే ఉన్నాడు కదా, భయమేముంది?

రెండో ప్రపంచ యుద్ధంలో కొడుకును వైమానిక దళానికి పంపిన తల్లిదండ్రులకు మిగిలిన పెద్ద ఊరట, అబ్బాయి ఇంకా శిక్షణలోనే ఉన్నాడన్నది. యుద్ధం యూరప్‌లో జరుగుతోంది, వాడు కెనడాలో ఉన్నాడు. అక్కడ బాంబులు పడవు, రాత్రిపూట దీపాలు ఆర్పుకుని కూర్చోనక్కర్లేదు, కడుపునిండా తిండి దొరుకుతుంది. ఆ ఊరటను తప్పుపట్టలేం. కానీ శిక్షణ అంతా అయిపోయాకే ప్రమాదం మొదలవుతుందని అనుకోవడం పొరపాటు. ఎవరు పైలట్ అవుతారో, ఎవరు బాంబర్ తోక చివర ఇరుకు గూట్లో తుపాకీ పట్టుకుని కూర్చుంటారో తేలింది శిక్షణలోనే. వేల మంది చనిపోయిందీ శిక్షణలోనే. శత్రువును ఒక్కసారైనా చూడకుండా పోయిన ఆ కుర్రవాళ్ళ గురించి, వాళ్ళను సముద్రాలు దాటించిన ఏర్పాటు గురించి వివరంగా చెప్పుకోవాలి.

అసలు అంత దూరం ఎందుకు పంపినట్టు? 1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటన్‌ను వేధించింది విమానాల కొరత ఒక్కటే కాదు. ఫ్యాక్టరీని రాత్రింబవళ్ళు నడిపితే విమానాలు పెరుగుతాయి. వాటిని నడిపే మనుషులు అలా పెరగరు. ఒక కుర్రవాణ్ణి బాంబర్ నడిపే స్థాయికి తేవడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళు పట్టేది. దానికి విశాలమైన ఆకాశం కావాలి, ఖాళీ నేల కావాలి, శత్రువు రాలేని చోటు కావాలి. బ్రిటన్‌లో ఆ మూడూ కరువే. దేశం చిన్నది. ఉన్న విమానాశ్రయాలు యుద్ధ అవసరాలకే చాలవు. పైగా రోజుల తరబడి ముసురు. గంటకు తొంభై మైళ్ళ వేగంతో టైగర్ మాత్ అనే చిన్న శిక్షణ విమానంలో తడబడుతూ ఎగురుతున్న కొత్తవాడు జర్మన్ ఫైటర్ కంటపడితే ఇక అంతే.

కెనడాలో నేలకూ ఆకాశానికీ కొదవ లేదు. అమెరికా పక్కనే ఉండటంతో ఇంజిన్లూ విడిభాగాలూ అందుతాయి. అట్లాంటిక్ దాటితే బ్రిటన్. అందుకే 1939 డిసెంబర్ 17న ఒట్టావాలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉమ్మడి వైమానిక శిక్షణ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దీని వెనక కెనడా ప్రధాని మెకంజీ కింగ్‌కు తన రాజకీయ లెక్క తనకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, నిర్బంధ సైనిక సేవ కెనడాను రెండుగా చీల్చింది. ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ ఒకవైపు, మిగతా దేశం మరోవైపు నిలిచాయి. ఈసారి పెద్ద పదాతి సైన్యాన్ని పంపే బదులు శిక్షణ బాధ్యతను మోస్తే ఆ గొడవ మళ్ళీ రాదని ఆయన ఆశ. దూరంగా శిక్షణ ఇవ్వాలన్న నిర్ణయంలో భూగోళం ఎంత ఉందో, ఓట్ల భయమూ అంత ఉంది.

ఫలితం ఊహకు అందనంత పెద్దది. 1945 మార్చి 31న ఒప్పందం ముగిసేసరికి 1,31,553 మంది శిక్షణ పూర్తిచేసుకున్నారు. అందులో కెనడా వైమానిక దళం వాళ్ళు 72,835 మంది, బ్రిటిష్ దళం తరఫున వచ్చినవాళ్ళు 42,110, ఆస్ట్రేలియన్లు 9,606, న్యూజిలాండ్ వాళ్ళు 7,002. ఖర్చు సుమారు 220 కోట్ల డాలర్లు, అందులో 160 కోట్లకు పైగా కెనడాయే భరించింది. ప్రాథమిక పాఠశాలలు చాలావరకు ఊళ్ళలోని ఫ్లయింగ్ క్లబ్బులు నడిపాయి, నావిగేషన్ పాఠశాలలను పౌర విమాన సంస్థలు నడిపాయి. గోధుమ చేల మధ్య, పేరు కూడా ఎవరూ విననిచోట, కొద్ది నెలల్లోనే రన్‌వేలూ హ్యాంగర్లూ బ్యారక్‌లూ లేచాయి.

కెనడా ఒక్కటే కాదు. దక్షిణ రొడీషియాలో (నేటి జింబాబ్వే), దక్షిణాఫ్రికాలో పాఠశాలలు పెట్టారు. 1941లో అమెరికాలోని దక్షిణ రాష్ట్రాలకు కూడా బ్రిటిష్ కుర్రవాళ్ళను పంపారు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. అందుకని వాళ్ళు యూనిఫాం విప్పి, కెనడాలో ఇచ్చిన బూడిదరంగు సూట్లు తొడుక్కుని, మామూలు ప్రయాణికుల్లా సరిహద్దు దాటేవారు.

మన వైపు కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. 1940లో 24 మంది భారతీయ పైలట్లను శిక్షణకూ యుద్ధసేవకూ బ్రిటన్‌కు పంపారు. ఆ తరవాత దేశంలోనే శిక్షణ విస్తరించింది. లాహోర్ దగ్గర వాల్టన్‌లో తొలి పాఠాలు, హైదరాబాద్ బేగంపేటలోనూ జోధ్‌పూర్‌లోనూ ప్రాథమిక విమాన శిక్షణ, అంబాలాలో పై శిక్షణ. నిజాం విరాళం ఇచ్చినందుకు బ్రిటిష్ వైమానిక దళంలో కొన్ని స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టారన్నది చాలామంది చెప్పుకునే సంగతే. అదే యుద్ధంలో బేగంపేట ఆకాశంలో టైగర్ మాత్‌ల మీద కొత్తవాళ్ళు ఎగరడం నేర్చుకున్నారన్నది అంతగా ఎవరూ గుర్తుచేసుకోరు. వాళ్ళకూ ఇల్లు దూరమే, భాష కూడా కొత్తే.

ఇప్పుడు ఒక కుర్రవాడి దారి పట్టుకుని వెళ్దాం. అతనికి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. కెనడా వైమానిక దళంలో చేరినవాడు మొదట చేరేది మ్యానింగ్ డిపో అనే చోటికి. టొరంటోలో దీన్ని జాతీయ ప్రదర్శనల మైదానంలో పెట్టారు. ఎడ్లకూ గుర్రాలకూ పోటీలు జరిపే పెద్ద పెద్ద కొట్టాలలో రెండంతస్తుల మంచాలు వేసి వందల మందిని ఒకేచోట పడుకోబెట్టారు. పశువులు వెళ్ళిపోయినా వాసన పోలేదు. నాలుగైదు వారాలు అక్కడే కవాతు, బూట్ల పాలిష్, ఒకదాని వెనక ఒకటిగా టీకాలు. విమానం కంటికి కూడా ఆనదు. ఎగరడానికి వచ్చినవాడికి చీపురు చేతికిచ్చి, తరవాత ఏదో ఒక స్థావరంలో తుపాకీతో కాపలాకు నిలబెట్టేవారు. పాఠశాలల్లో ఖాళీ వచ్చేదాకా అదే పని. టోపీ ముందు దోపుకున్న తెల్లటి గుడ్డముక్క ఒక్కటే ఇతను ముందుముందు ఎగరబోయేవాడని చెప్పే గుర్తు.

ఆ తరవాత ఇనీషియల్ ట్రైనింగ్ స్కూల్. ఇక్కడ లెక్కలు, నావిగేషన్, వాతావరణ శాస్త్రం, మోర్స్ కోడ్. ఇక్కడే లింక్ ట్రైనర్ అనే యంత్రం. దీన్ని తయారుచేసిన ఎడ్విన్ లింక్ అమెరికన్. వాళ్ళ కుటుంబానిది ఆర్గాన్ వాయిద్యాల తయారీ. ఆర్గాన్‌కు గాలి అందించే తిత్తుల మీదే ఒక చిన్న విమానం బొమ్మను కూర్చోబెట్టాడు. పొట్టి రెక్కలున్న ఆ నీలం పెట్టెలోకి కుర్రవాడు దూరాక పైన మూత వేసేస్తారు. లోపల చీకటి. ఎదురుగా మెరిసే మీటర్లు తప్ప ఇంకేమీ కనిపించదు. కడ్డీ కదిపితే తిత్తులు ఉబ్బి, తగ్గి పెట్టె అటూ ఇటూ ఒరుగుతుంది. బయట శిక్షకుడి బల్ల మీద పరిచిన మ్యాప్ మీద మూడు చక్రాల చిన్న పరికరం సిరాతో గీత గీసుకుంటూ పోతుంది. లోపలివాడు నేరుగా పోతున్నాననుకుంటాడు. మూత తీసి బయటికొచ్చి చూసుకుంటే గీత సగం మ్యాప్‌ను చుట్టేసి ఉంటుంది. ఒళ్ళు చెప్పే మాట నమ్మకు, మీటర్‌ను నమ్ము అన్నది వైమానికుడు నేర్చుకోవలసిన మొదటి పాఠం. అది ఒంటబట్టనివాళ్ళు తరవాత మేఘాల్లో నేల ఎటుందో తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ స్కూలు చివర్లో అధికారుల ఎంపిక బోర్డు ముందు నిలబడాలి. పరీక్షల మార్కులు, వైద్య నివేదిక, లింక్ ట్రైనర్ ఫలితం చూసి కొద్ది నిమిషాల్లో పైలట్, నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, గన్నర్ అని విడదీసేవారు. చేరేటప్పుడు చాలామంది కోరుకున్నది పైలట్‌కు ఇచ్చే రెక్కల బ్యాడ్జే. మొత్తం శిక్షణ పొందినవారిలో పైలట్లు దాదాపు 50 వేల మంది, అంటే సగం కూడా కాదు. ఈ ఎంపికలో కుర్రవాడి ప్రతిభ ఎంత ఉందో, ఆ నెల యుద్ధరంగంలో ఎవరు తక్కువ పడ్డారన్నదీ అంత ఉంది. 1942లో బాంబర్లలో రెండో పైలట్‌ను తీసేశారు. అంతకుముందు దారి చూపడం, బాంబులు వేయడం రెండూ ఒకరే చేసేవారు, ఆ పనులను ఇద్దరికి పంచారు. లండన్‌లో తీసుకున్న ఆ ఒక్క నిర్ణయంతో కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో ఒక తరగతి తలరాత మారిపోయింది. ఇంటికి రాసే ఉత్తరంలో మాత్రం కుర్రవాడు దాన్ని తన ఓటమిగానే రాసుకునేవాడు. నాకు ఇందులో బాధ కలిగించే విషయం ఇదే. అవసరాల లెక్కను అతను తన అర్హత లెక్క అనుకున్నాడు.

పైలట్‌గా ఎంపికైనవాడికీ ఆ స్థానం ఖాయం కాదు. ప్రాథమిక పాఠశాలలో సుమారు ఎనిమిది వారాలు, యాభై గంటల విహారం. శీతాకాలం తట్టుకోవడానికి కెనడా టైగర్ మాత్‌లకు కాక్‌పిట్ మీద మూత, లోపల వేడి గాలి ఏర్పాటు చేశారు. పది గంటల దరిదాపుల్లో ఒంటరిగా ఎగరగలగాలి. లేకపోతే తీసేస్తారు. తీసేసినవాడి మంచం ఖాళీ అయ్యేది. తోటివాళ్ళు భోజనానికి వెళ్ళొచ్చేలోపే అతను సామాను సర్దుకుని వెళ్ళిపోయేవాడు. అమెరికాలో అక్కడి సైన్యం నడిపిన పాఠశాలలకు వెళ్ళిన బ్రిటిష్ కుర్రవాళ్ళలో దాదాపు నలభై శాతం పైనే పైలట్లు కాలేకపోయారు. గట్టెక్కినవాళ్ళకు పై పాఠశాలలో ఒకే ఇంజిన్ ఉన్న హార్వర్డ్ లేదా రెండు ఇంజిన్ల ఆన్సన్, క్రేన్, ఆక్స్‌ఫర్డ్ విమానాలు. నావిగేటర్లు ఆన్సన్‌లలో ఎగురుతూ దారి గీసుకోవడం నేర్చుకునేవారు. గన్నర్లు పాతబడిన ఫెయిరీ బ్యాటిల్ విమానాల వెనక నిలబడి, మరో విమానం లాక్కుపోయే గుడ్డ గొట్టాన్ని గురిచూసి తుపాకీతో కాల్చేవారు.

దూరం సంగతికి వద్దాం. సిడ్నీ నుంచి బయలుదేరినవాడు పసిఫిక్ దాటి, శాన్ ఫ్రాన్సిస్కోలోనో వాంకూవర్‌లోనో దిగి, రోజుల తరబడి రైల్లో ప్రయాణించి ప్రెయిరీలకు, అంటే కెనడా మధ్యనున్న గడ్డి మైదానాలకు, చేరేవాడు. చాలామంది మంచును చూడటం అదే మొదటిసారి. ఉత్తరం ఓడలో వెళ్ళాలి. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. ఓడ మునిగితే ఉత్తరమూ మునిగేది. తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు చేరేసరికి కొడుకు ఇంకో పాఠశాలకు మారిపోయి ఉండేవాడు. సెన్సార్ ఉంటుందని తెలుసు కాబట్టి రాయకూడనివి రాయడు. దానికంటే పెద్ద సెన్సార్ అతని మనసులోనే ఉంది. పక్క మంచం కుర్రవాడు నిన్న కూలిపోయాడని ఏ కొడుకూ తల్లికి తేలిగ్గా రాయలేడు. తిండి గురించి, చలి గురించి, ఆదివారం తనను భోజనానికి పిలిచిన కుటుంబం గురించి రాస్తాడు.

ఆ భోజనాల గురించి ఒక మాట చెప్పాలి. ఒప్పందంలో డాలర్ల వాటాల దాకా అన్నీ ఉన్నాయి, కుర్రవాడి ఒంటరితనానికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. ఆ లోటు తీర్చింది ప్రెయిరీ ఊళ్ళలోని మామూలు కుటుంబాలు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి, క్రిస్మస్ పండుగకు తెలియని పిల్లలను ఇంటికి పిలిచారు. చర్చిల్లో, ఊరి హాళ్ళలో టీ విందులూ నాట్యాలూ జరిపారు. తమ కొడుకులు కూడా ఎక్కడో దూరదేశంలో ఉన్న ఇళ్ళు అవి. యుద్ధం తరవాత అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడినవాళ్ళూ ఉన్నారు. ఈ పథకం విజయం గురించి రాసేటప్పుడు విమానాల సంఖ్య ముందు చెబుతారు. ఆ వంటిళ్ళను కూడా అదే వాక్యంలో చెప్పాలని నా అభిప్రాయం.

ఇక మరణాలు. శిక్షణలో విమానాలు ఎందుకు కూలాయి అన్నదానికి ఒకే కారణం లేదు. ఆకాశం రద్దీ. ఒకే మైదానం చుట్టూ పదుల కొద్దీ కొత్తవాళ్ళు తిరుగుతుంటే రెండు విమానాలు ఢీకొనడం అరుదు కాదు. రాత్రి విహారం మరో గండం. ఊరి దీపాలు దాటితే ప్రెయిరీలో నేలా ఆకాశమూ ఒకే నలుపు. రెక్కల మీద పేరుకునే మంచు, ఉన్నట్టుండి కమ్మే తుఫాను, అలసిన శిక్షకులు ఇంకొన్ని కారణాలు. వీటికి తోడు పంతొమ్మిదేళ్ళ వయసు. అనుమతి లేకుండా బాగా కిందికి దిగి ఎగరడం నేరమని తెలిసినా, స్నేహితురాలి ఇంటి మీదుగానో సరస్సు నీళ్ళను తాకేటట్టో ఎగిరి చనిపోయినవాళ్ళు ఉన్నారు. కెనడా కుర్రవాడైతే శవపేటిక రైల్లో సొంతూరికి వెళ్ళేది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ కుర్రవాళ్ళను పాఠశాల దగ్గరి ఊరి శ్మశానంలోనే పాతిపెట్టారు. తల్లిదండ్రులకు చేరింది టెలిగ్రాం, తరవాత కమాండర్ ఉత్తరం, ఒక పెట్టెలో బట్టలూ ఫొటోలూ. ఒట్టావాలో ఉన్న స్మారకం మీద దాదాపు 800 పేర్లు చెక్కారు. ఉత్తర అమెరికాలోనూ వెస్టిండీస్‌లోనూ సేవలోనో శిక్షణలోనో పోయి, శవం కూడా దొరకనివాళ్ళ పేర్లవి. సరస్సులూ అడవులూ సముద్రమూ వాళ్ళను తిరిగి ఇవ్వలేదు. నేడు కాల్గరీలో, రెజైనాలో, విన్నిపెగ్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ సమాధులు కొద్ది గంటల ప్రయాణంలోనే ఉన్నాయి.

రెక్కల బ్యాడ్జి ఛాతీకి కుట్టాక శిక్షణ అయిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకునేవారు. కాలేదు. అట్లాంటిక్ దాటి బ్రిటన్ చేరినవాళ్ళను సముద్రతీరపు హోటళ్ళలో ఉంచేవారు. కెనడా వాళ్ళను ఎక్కువగా బోర్న్‌మత్‌లో, ఆస్ట్రేలియన్లను తరవాతి రోజుల్లో బ్రైటన్‌లో. వారాల తరబడి ఎదురుచూపులు. 1943 మే 23, ఆదివారం మధ్యాహ్నం, జర్మన్ విమానాలు బోర్న్‌మత్ మీద దాడి చేశాయి. మెట్రోపోల్ హోటల్ మీద బాంబు పడి, పిలుపు కోసం ఎదురుచూస్తున్న వైమానికులు చనిపోయారు.

పిలుపు వచ్చాక మళ్ళీ శిక్షణే. ఎందుకంటే కెనడాలో వాళ్ళు నేర్చుకున్న ఆకాశం వేరు. అక్కడ రోడ్లు గళ్ళనోటు పుస్తకంలో గీతల్లా నిటారుగా ఉంటాయి. రైలు పట్టా వెంట పోతే ఊరు వస్తుంది, ఊరి ధాన్యపు గోదాం గోడ మీద పెద్ద అక్షరాలతో ఊరి పేరు ఉంటుంది, రాత్రి దీపాలు మైళ్ళ దూరం నుంచే కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో అడ్డదిడ్డంగా చిన్న చిన్న పొలాలు, పొగమంచు, మేఘం, రాత్రి ఒక్క దీపం వెలగని నేల. శత్రువు రాని సురక్షితమైన ఆకాశంలో నేర్చుకున్నందుకు కట్టిన మూల్యం ఇది. ఆ ఆకాశం వాళ్ళను బతికించింది గానీ, ఎగరబోయే చోటుకు సిద్ధం చేయలేదు. అందుకే బ్రిటన్ వాతావరణానికి అలవాటు చేసే యూనిట్లు ప్రత్యేకంగా పెట్టాల్సి వచ్చింది.

ఆ తరవాత ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్. ఇక్కడ సైన్యం ఒక విచిత్రమైన పని చేసింది. పైలట్లు, నావిగేటర్లు, బాంబ్ ఎయిమర్లు, గన్నర్లు అందరినీ ఒక పెద్ద హ్యాంగర్‌లోకి తోలి, మీ బృందాలు మీరే కూర్చుకోండని వదిలేసింది. అంతవరకు ప్రతిదీ ఆజ్ఞ మీద నడిచింది. ఎవరితో కలిసి చావుబతుకుల్లోకి వెళ్ళాలన్నది మాత్రం వాళ్ళకే వదిలేశారు. నిదానంగా ఉన్నాడని ఒకణ్ణి, నిన్న సాయంత్రం పక్కన కూర్చుని టీ తాగాడని ఇంకొకణ్ణి ఎంచుకున్నారు. ఆస్ట్రేలియా పైలట్, కెనడా నావిగేటర్, ఇంగ్లండ్ గన్నర్ ఒకే విమానంలో చేరారు. ఇంటికి దూరమైనవాళ్ళకు ఆ బృందమే ఇల్లయింది. దళాధిపతులు చేసిన పనులన్నిటిలో మనిషిని బాగా అర్థం చేసుకుని చేసింది ఇదేనని నాకు అనిపిస్తుంది.

అయితే వాళ్ళకిచ్చిన విమానాలు మాత్రం యుద్ధంలో అరిగిపోయి పక్కనపెట్టిన వెల్లింగ్టన్లూ విట్లీలూ. ఇంజిన్లు మొరాయించేవి. బ్రిటిష్ వైమానిక దళంలో బాంబర్లను నడిపిన విభాగమైన బాంబర్ కమాండ్‌లో యుద్ధమంతా కలిపి 55,573 మంది చనిపోతే, దాదాపు 8,000 మంది శిక్షణలోనూ యుద్ధంతో సంబంధం లేని ప్రయాణాల్లోనూ పోయారు. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు. పైగా శిక్షణకూ యుద్ధానికీ మధ్య గీత కూడా నిలబడలేదు. 1942 మే 30 రాత్రి జర్మనీలోని కొలోన్ నగరం మీదికి వెయ్యి బాంబర్లు పంపాలని బాంబర్ కమాండ్ అధిపతి ఆర్థర్ హారిస్ పట్టుబట్టినప్పుడు, ముందుశ్రేణి స్క్వాడ్రన్ల దగ్గర అన్ని విమానాలు లేవు. బయలుదేరిన 1,047 విమానాల్లో మూడో వంతుకు పైగా శిక్షణ యూనిట్లవే. వాటిలో శిక్షకులతోపాటు ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళూ ఎక్కారు. ఆ రాత్రి 41 విమానాలు తిరిగి రాలేదు.

మొదట్లో మనుషుల కొరత ఉంటే, యుద్ధం చివరికొచ్చేసరికి దానికి పూర్తిగా తలకిందులైన సమస్య వచ్చింది. 1944లో పైలట్లు అవసరానికి మించి పోగయ్యారు. ఏడాదిన్నర కష్టపడి రెక్కలు తెచ్చుకున్న బ్రిటిష్ కుర్రవాళ్ళలో కొందరిని, నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ పోరులో గ్లైడర్ పైలట్లు చాలామంది పోయాక, ఇంజిన్ లేని గ్లైడర్లు నడపమని సైన్యానికి అప్పగించారు. 1945 మార్చిలో రైన్ నది దాటే దాడిలో వాళ్ళు అలాగే దిగారు. కెనడా మైదానాల్లో హార్వర్డ్ నడపడం నేర్చుకున్నవాడు జర్మనీ పొలంలో చెక్క గ్లైడర్ దించి, తుపాకీ పట్టుకుని నడవాల్సి వచ్చింది.

ఇక గుర్తింపు. యూరప్ మీద ఎగిరిన వైమానికులకు ఇచ్చే ఎయిర్‌క్రూ యూరప్ స్టార్ పతకానికి యుద్ధ విహారమే కొలత. 2013లో బాంబర్ కమాండ్ వాళ్ళకు ఇచ్చిన ప్రత్యేక చిహ్నానికీ యుద్ధ స్క్వాడ్రన్‌లో సేవ, కనీసం ఒక దాడి తప్పనిసరి. నియమం రాసినవాళ్ళ ఉద్దేశం అర్థమవుతుంది, ఎక్కడో ఒకచోట గీత గీయాలి. కానీ కొలోన్ మీదికి శిక్షణ యూనిట్ నుంచే విమానం పంపినవాళ్ళు, వాడేసిన ఇంజిన్‌తో మంచు మేఘంలోకి పంతొమ్మిదేళ్ళ పిల్లలను పంపినవాళ్ళు, ఆ గీతను ప్రాణాల విషయంలో ఎన్నడూ పాటించలేదు. పతకాల విషయంలోనే పాటించడం న్యాయం కాదు. 55,573 అన్న అంకెలో ఆ 8,000 మందినీ కలిపే లెక్కపెట్టారు. గౌరవంలోనూ కలిపే లెక్కపెట్టి ఉండాల్సింది.